డస్టర్ వెనక చెక్క మంచం: నాలుగేళ్లు, 87 రాత్రుల తర్వాత

మా బండి 2016 నాటి రెనో డస్టర్ కారు, ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే రకం. 2021 ఫిబ్రవరిలో దాని వెనక భాగంలో రెండు సొరుగులు, వాటి మీద ఇద్దరు పడుకునే బల్ల కట్టుకున్నాను. కోతలు మాత్రం కలప దుకాణంలో యంత్రం మీద కోయించి, మిగతా పనంతా డాబా మీద నేనే చేసుకున్నాను. పడుకున్న ప్రతి రాత్రీ ఎక్కడన్నదీ ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకునే అలవాటు ఉంది కాబట్టి లెక్క కచ్చితంగా చెప్పగలను: 87 రాత్రులు. ఇలాంటిది కట్టుకోవాలనుకునేవారికి పనికొస్తుందని, బాగున్నదీ బాగోలేనిదీ రెండూ రాస్తున్నాను.

దీనికి మూలం శ్రీశైలం దారి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఒకసారి హైదరాబాద్‌లో ఆలస్యంగా బయలుదేరి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. నేనూ మా ఆవిడా ముందు సీట్లు వెనక్కి వాల్చుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. తెల్లారాక ఆమె నడుము పట్టేసి శిఖరం మెట్లు ఎక్కలేకపోయింది. ఆ వారమే టేపు పట్టుకుని బండి కొలవడం మొదలుపెట్టాను.

మొదట కట్టినది నిలవలేదు. ఎనిమిది నెలలు వాడి విప్పేశాను. ఇప్పుడున్నది రెండోది. మొదటిదానికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాను. ఇంట్లో అలమరాలకు అదే వాడతారు కదా, గట్టిగా ఉంటుందనుకున్నాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఆ మందం షీటు ఒక్కటే 32 నుంచి 36 కిలోలు తూగుతుంది. అన్నీ బిగించి తూకం వేయిస్తే 71 కిలోలు. అంటే ఒక మనిషిని శాశ్వతంగా వెనక కూర్చోబెట్టుకుని తిరిగినట్టే. గుంతల్లో వెనక భాగం కుదేసేది, ఘాట్ మలుపుల్లో బండి బరువుగా ఊగేది.

కానీ విప్పించింది బరువు కాదు, పంచరు. ఈ రకం డస్టర్‌లో స్టెప్నీ బండి కింద కాకుండా డిక్కీ నేల కింద ఉంటుంది. ఆ సంగతి తెలిసీ దాని మీదే ఒకే పెట్టెగా మొత్తం బిగించేశాను. గండికోట నుంచి వస్తూ జమ్మలమడుగు దాటాక, చీకటి పడే వేళ, వెనక టైరు పోయింది. పరుపు దించాలి, బియ్యం డబ్బా దించాలి, సొరుగులు లాగాలి, లోపల చెయ్యి పట్టని చోట ఆరు బోల్టులు విప్పాలి, ఆ తర్వాత 71 కిలోల పెట్టెను ఇద్దరం ఎత్తాలి. మా ఆవిడ ఫోను దీపం పట్టుకుని నిలబడింది. రోడ్డు పక్కన లారీ ఆపుకున్న ఒక డ్రైవరు వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. గంటన్నర పట్టింది. వెళ్తూ ఆయన, “రెండు ముక్కలుగా చేయించుకోండి సార్, ఏ ముక్కయినా ఒక్క మనిషి ఎత్తేలా ఉండాలి” అన్నాడు. నా కొలతల పుస్తకం మొత్తంలో లేని మాట అది. రెండో నిర్మాణం అంతా ఆ ఒక్క మాట మీదే కట్టాను.

ఇప్పుడున్నది రెండు విడి పెట్టెలు. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, మూలల్లో అల్యూమినియం కోణాలు. సొరుగులు, పై పలకలు కలిపి మొత్తం 38 కిలోలు. మెరైన్ అనే పేరు చూసి కాకుండా షీటు మీద ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం) చూసి కొనండి. మామూలు ఐఎస్ 303 రకం చవక, కానీ తడి బూట్లు, కారే నీళ్ల డబ్బాలు, చలికాలపు చెమ్మ దాని అంచులను ఉబ్బిస్తాయి. మొదటి పెట్టె అంచులు ఆ ఎనిమిది నెలల్లోనే పొరలు విడిచాయి.

స్టెప్నీ కావాలంటే సొరుగులు లాగి పక్కన పెట్టి, నాలుగు బోల్టులు విప్పి, పెట్టెలు ఒక్కొక్కటిగా దించుతాను. పన్నెండు నిమిషాల పని. బోల్టులన్నీ ఒకే కొలతవి, ఎనిమిది మిల్లీమీటర్లవి. వాటికి పట్టే పదమూడో నంబరు పానాను నవారు ముక్కతో పెట్టెకే కట్టి ఉంచాను, వెతుక్కునే పని లేకుండా.

ఈ బోల్టుల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పెట్టె బరువుగా ఉంది, అదెక్కడికి పోతుందిలే అని ఊరికే నేల మీద పెట్టి తిరిగేవాళ్లను చూశాను. లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకుందాం. అప్పుడు లోపలి వస్తువు తన బరువుకు దాదాపు 14 రెట్ల బలంతో ముందుకు దూసుకొస్తుంది. 38 కిలోల పెట్టెలు రెండూ కలిసి అర టన్నుకు పైగా బలంతో మీ వీపు వైపు వస్తాయి. సొరుగుల్లోని సామాను దానికి అదనం. అందుకే సామాను కట్టడానికి డిక్కీ నేలలో కంపెనీ ఇచ్చిన కొక్కాల చోటే, ఆ రంధ్రాల్లోనే బిగించాను. బండి రేకుకు కొత్తగా ఒక్క తూటు కూడా వేయలేదు. తూటు వేస్తే అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది, కింద ఏ వైరు ఉందో పైనుంచి తెలియదు. బండి నడుస్తున్నప్పుడు బల్ల మీద ఎవరినీ పడుకోనివ్వను. మా అబ్బాయి ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే.

చట్టం గురించి చాలామంది అడిగారు. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతుంది. అందుకే నేను వెనక సీటు తీయలేదు, మడుస్తాను, అంతే. ముగ్గురం వెళ్లినప్పుడు సీటు మళ్లీ లేస్తుంది, సొరుగులు డిక్కీలోనే ఉంటాయి.

ఇక సొరుగులు. నాలుగేళ్లు వాడాక నా తీర్పు ఇది: మంచం లేకపోయినా ప్రయాణం సాగుతుంది, సొరుగులు లేకపోతే ఇప్పుడు నాకు సాగదు. కుడివైపుది వంటిల్లు: చిన్న స్టవ్వు, మూడు లీటర్ల కుక్కరు, పోపుల డబ్బా, రెండు కంచాలు, కత్తిపీటకు బదులు చాకు. ఎడమవైపుది పనిముట్లు: గాలి పంపు, లాగుడు తాడు, ఫ్యూజులు, మందుల పెట్టె. చీకట్లో చూడకుండా చెయ్యి పెడితే కావలసినది తగులుతుంది. అదివరకు టీ పెట్టుకోవాలంటే మూడు సంచులు దించేవాళ్లం. స్టవ్వు గ్యాసు డబ్బాలను మాత్రం ఎండాకాలం బండిలో వదలను. వాటి మీద 50 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది, ఎండలో అద్దాలు మూసిన బండి లోపల ఆ వేడి దాటడం పెద్ద విషయం కాదు.

సొరుగు చానెళ్ల దగ్గర, అంటే సొరుగు జారే లోహపు పట్టాల దగ్గర, డబ్బు ఆదా చేయకండి. వంటగది అలమరాలకు వేసే మామూలు టెలిస్కోపిక్ చానెల్ జత 35, 45 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. అది కదలని ఇంట్లో మోసే బరువు. గుంతల దారిలో ప్రతి కుదుపూ దాన్ని రెట్టింపు చేస్తుంది. మొదటి జత లోపలి బేరింగ్ బంతులు రాలిపోయాయి. ఇప్పుడు 24 అంగుళాల పొడవున్న బరువైన రకం, రెండు కొసల్లోనూ గడియ పడేవి వేశాను. ఆ గడియ లేకపోతే ఎగువకు ఎక్కేటప్పుడు సొరుగు తనంతట తాను వచ్చి డిక్కీ తలుపును గుద్దుతుంది. ఏటవాలులో ఆపి వంట చేస్తుంటే మూసుకుని చేతివేళ్ల మీద పడుతుంది.

సూర్యలంక తీరంలో రెండు రాత్రులున్నాక ఈ చానెళ్లూ బిగుసుకుపోయాయి. ఉప్పుగాలి, ఇసుక రెండూ గ్రీజులో కూరుకుపోయాయి. మా వీధిలోని వడ్రంగి మేస్త్రి చూసి గ్రీజంతా కిరోసిన్ గుడ్డతో తుడిపించారు. “గ్రీజు ఇసుకను పట్టుకుంటుంది బాబూ, మైనం పట్టుకోదు” అని చెప్పి, ఒక మామూలు కొవ్వొత్తి ముక్క తీసుకుని, సొరుగు అడుగున ఆనే చెక్క బద్ద మీద ఈ కొస నుంచి ఆ కొస వరకు నొక్కి రుద్దారు. మొదట చెక్క గరగరలాడింది. నాలుగైదు సార్లు రుద్దేసరికి చప్పుడు ఆగి, బద్ద మీద సన్నని తెల్లని మెరుపు వచ్చింది. సొరుగు పెట్టి వేలితో తోస్తే చివరిదాకా వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి ప్రయాణానికి ముందు అదే చేస్తున్నాను. కిరకిరలకూ ఆయన చెప్పిన చిట్కానే పనిచేసింది: చెక్కకు చెక్క తగిలే ప్రతి చోటా పాత సైకిల్ ట్యూబు పట్టీ. సీతంపేట కొండదారిలో కూడా ఇప్పుడు వెనక నుంచి చప్పుడు రాదు, కుక్కరు మూత తప్ప.

పడక సంగతి. పెట్టెల పొడవు 90 సెంటీమీటర్లు. వాటి ముందు మడిచిన సీటు మీదుగా రెండు పలకలు పరిస్తే మొత్తం 182 సెంటీమీటర్లు వస్తుంది. పలకలకు కింద అల్యూమినియం గొట్టం కాళ్లు, అవి కాళ్లు పెట్టుకునే నేల మీద ఆనతాయి. నా ఎత్తు 173, సరిపోతుంది. చక్రాల గూళ్ల మధ్య వెడల్పు మీటరుకు కాస్త తక్కువ. ఇద్దరం పడుకోవచ్చు కానీ ఒకరు పక్కకు తిరిగితే రెండోవారికి తెలుస్తుంది. మా ఇద్దరికీ అలవాటైపోయింది. మరొకరికి అవుతుందని చెప్పలేను.

కట్టేముందు ఎవరూ కొలవని కొలత ఒకటుంది: కూర్చున్నప్పుడు నడినెత్తి నుంచి పైకప్పు దాకా మిగిలే ఎడం. సొరుగుల ఎత్తు, పలక మందం, పరుపు మందం ఈ మూడూ అందులోంచే పోతాయి. మొదట పది సెంటీమీటర్ల పరుపు కొన్నాను, మెత్తగా ఉంటుందని. దాని మీద మెడ వంచకుండా కూర్చోలేకపోయాం. చొక్కా మార్చుకోవాలన్నా పడుకునే మార్చుకోవాలి. ఇప్పుడు ఐదు సెంటీమీటర్ల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి చేసే గట్టి రకం), మీద మా అమ్మ కుట్టిన పాత చీరల బొంత. ఇప్పటికీ నేను నిటారుగా కూర్చోలేను, మా ఆవిడ కూర్చోగలదు. మళ్లీ కడితే సొరుగుల ఎత్తు 24 నుంచి 20 సెంటీమీటర్లకు తగ్గిస్తాను.

చెమ్మ ఇంకో పెద్ద విషయం. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున లేచేసరికి అద్దాల లోపలి వైపు నీళ్లు ధారగా కారుతున్నాయి, పరుపు అడుగు తడిసిపోయింది. వారం తర్వాత తీసి చూస్తే బూజు. మన ఊపిరే అది, చల్లటి చెక్కకు తగిలి నీరవుతుంది. పై పలకలకు అంగుళం వెడల్పు రంధ్రాలు జానెడు దూరంలో వరుసగా వేయించాను. రెండు అద్దాలు రెండు వేళ్లంత దించి దోమతెర తొడుగుతాను. ఆ తర్వాత బూజు రాలేదు. చలికి భయపడి అద్దాలన్నీ మూయకండి. ఇంజను నడుపుతూ ఏసీ వేసుకునో, హీటరు వేసుకునో నిద్రపోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు హెచ్చరిక అందదు.

వేసవిలో ఇది మన మైదానాల్లో పనికిరాదు, స్పష్టంగా చెబుతున్నాను. బాపట్ల వైపు ఏప్రిల్ రాత్రి చిన్న ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా తడిసింది, రెండింటికి లేచి హోటలు వెతుక్కున్నాం. నా పుస్తకంలోని 87 రాత్రుల్లో 70కి పైగా అక్టోబరు, ఫిబ్రవరి మధ్యవే.

రెండో నిర్మాణానికి 19 వేలు అయింది. అందులో మూడో వంతు చానెళ్లకే పోయింది. మొదటిదానికి పెట్టిన 14 వేలలో బోల్టులు, పానా తప్ప ఏమీ మిగలలేదు. ఎత్తు ఆరడుగులు దాటినవారు, వెనక సీటు రోజూ వాడేవారు డస్టర్ అంత బండిలో దీనికి దిగకండి. రెండు పలకలు తీసి పెట్టడం పది నిమిషాల పనే, కానీ రోజూ చేయాలంటే విసుగొస్తుంది. అలాంటివారు సొరుగులు మాత్రం కట్టుకుంటే చాలు.

ఈ వర్షాలకు ఎడమ సొరుగు పక్క చెక్క మళ్లీ ఉబ్బింది, చివరి రెండంగుళాలు రాపిడి పడుతోంది. ఆదివారం విప్పి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తాను. అర మిల్లీమీటరు చిత్రిక పట్టించి, కోసిన అంచుకు ఈసారి రెండు పూతల వార్నిషు వేయించాలి.