జిప్సీ పోయినంక ఫౌజుకు ఏ బండి?

అలంపూర్ రేగడిలో వాన పడ్డంక నడిపి చూస్తే, ఫౌజు ఏండ్లుగా వాడిన మారుతి జిప్సీ విలువ తెలుస్తది. సాఫ్ట్ టాప్ (బట్ట కప్పు) బండి బరువు సుమారు వెయ్యి కిలోలే; దిగబడ్డా నలుగురు నూకితే బయటపడతది. 1.3 లీటర్ పెట్రోల్, 80 హార్స్‌పవర్, నాలుగు పక్కలా కమాన్ పట్టీలు. పట్టీ విరిగితే ఏ ఊరి షెడ్డులోనైనా మారుస్తరు. రోగం ముందు యాక్సిల్‌లో ఉంటది: కింగ్‌పిన్ (ముందు చక్రం మలిగే కీలు) బేరింగులు అరిగితే గుంతలో పడంగనే స్టీరింగ్ గజగజ వణుకుతది. టైర్లు బ్యాలెన్స్ చేస్తే పోదు, బేరింగులు మార్చి షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) సరిచూడాలె.

అయితే అది 500 కిలోల మోత తరగతి. ఆర్మీ అడిగింది 800 కిలోల మోత, గట్టి టాపు, ఏసీ. 2017లో 3,192 టాటా సఫారీ స్టార్మ్‌లకు ఆర్డర్ ఇచ్చింది. 2.2 లీటర్ డీజిల్, అమ్రాబాద్ ఘాట్లకు లాగుడు బాగుంటది. కానీ రెండు టన్నుల బండి రేగడిలో కూరుకుంటే ట్రాక్టరే దిక్కు.

2023లో ఆర్మీ నుంచి మహీంద్రాకు 1,850 స్కార్పియో క్లాసిక్‌ల ఆర్డర్ వచ్చింది. బయట షోరూంలో దొరికే క్లాసిక్‌కు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగుడు) లేదు, అది కొని ‘ఆర్మీ బండి’ అనుకోవద్దు.

వేలంలో పాత జిప్సీ తీసుకునేటోళ్లు లో రేంజ్ గేర్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగేది) వేసి చూడాలె, అదీ మట్టి మీదనే. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) బిగుసుకుంటది.