ప్రత్యేక విద్యలో బీఈడీ: రోజూ తరగతికి వెళ్లి చదవడం మేలా, దూరవిద్య మేలా?

డిగ్రీ పూర్తిచేసి దివ్యాంగ బాలలకు చదువు చెప్పాలనుకునేవారికి హైదరాబాద్‌లో రెండు ప్రధానమైన దారులున్నాయి. మొదటిది, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న సంస్థల్లో రెండేళ్లు రోజూ తరగతులకు హాజరై చదవడం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడి, ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్‌గా, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీగా పిలుస్తున్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ వీటిలో ముఖ్యమైనది. రెండోది, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యా విధానంలో రెండున్నరేళ్లపాటు నడిపే కోర్సు.

చట్టం దృష్టిలో ఈ రెండింటికీ తేడా లేదు. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తింపు ఉన్న కోర్సు ఏదైనా, అది పూర్తిచేసినవారు ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఆ నమోదు లేకుండా ప్రత్యేక ఉపాధ్యాయునిగా పనిచేయడానికి వీలులేదు. కాబట్టి దూరవిద్య పట్టాకు విలువ తక్కువన్న మాటను నమ్మనవసరం లేదు.

అసలు తేడా సాధనలో ఉంది. మేధో వైకల్యం ఉన్న పిల్లవాడికి చొక్కా బొత్తం పెట్టుకోవడం నేర్పాలంటే, ఆ పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, చాలాసార్లు చివరి మెట్టునుంచే మొదలుపెడతారు. ఉపాధ్యాయురాలు బొత్తాన్ని కాజాలో సగందాకా దూర్చి ఇస్తే, పిల్లవాడు దాన్ని అవతలికి లాగితే చాలు; పని పూర్తయిందన్న సంతోషం తొలిరోజే వాడికి దక్కుతుంది. తరువాత ఒక్కో మెట్టు వెనక్కి జరుగుతూ మొత్తం పని వాడి చేతికి అప్పగిస్తారు. ఈ పద్ధతి పుస్తకంలో ఒక పేజీకి మించదు, కానీ ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో తెలియాలంటే అనుభవమున్న ఉపాధ్యాయురాలి పక్కన కూర్చుని నెలల తరబడి చూడాలి, తప్పు చేసి దిద్దించుకోవాలి. సైగల భాష, బ్రెయిలీ కూడా అంతే. వారాంతపు తరగతులతో పరిచయం కలుగుతుందే తప్ప పట్టు దొరకదు. అందుకే ఇలాంటి పిల్లలతో ఇదివరకు ఎన్నడూ పనిచేయనివారికి రెగ్యులర్ కోర్సే మేలని నా గట్టి అభిప్రాయం.

అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్పీగానో (ఆ పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ పర్సన్‌గానో), స్వచ్ఛంద సంస్థ బడిలోనో ఇప్పటికే పనిచేస్తున్నవారి సంగతి వేరు. రెగ్యులర్ చదువులో ముందు సిద్ధాంతం విని తరువాత పిల్లల దగ్గరికి వెళ్తారు. వీరికి పిల్లలు రోజూ కళ్లముందే ఉంటారు. ఒక్కో పిల్లకూ విడిగా తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక గురించి ఆదివారం విన్న పాఠాన్ని సోమవారం తమ కేంద్రంలోని ఒక అమ్మాయి కోసం రాసిచూసుకోవచ్చు. జీతం ఆగదు, నగరంలో హాస్టల్ ఖర్చు ఉండదు. ముఖ్యంగా, వారిమీద ఆధారపడిన పిల్లలు రెండేళ్లు టీచరు లేకుండా ఉండిపోరు. ఇలాంటివారికి ఆర్నెల్లు ఎక్కువ పట్టినా దూరవిద్యే మేలు. చదువుకు తీరిక దొరకడం మాత్రం కష్టమే, ముఖ్యంగా ఇంటి బాధ్యతలున్న మహిళలకు.

ఉద్యోగాల విషయంలో రెండు దారులవారికీ అవకాశాలు ఒకటే. 2024 తెలంగాణ డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ఉపాధ్యాయులుండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఏ దారిలో వెళ్లినా ముందుగా తేల్చుకోవలసింది ఏ వైకల్యంలో ప్రత్యేకత పొందాలన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినా, కోర్సులో వినికిడి లోపం, దృష్టి లోపం, మేధో వైకల్యం వంటి వాటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. పునరావాస మండలి అనుమతి కూడా సంస్థ మొత్తానికి కాక, ఫలానా కేంద్రానికి, ఫలానా వైకల్యానికి, ఫలానా కాలానికి అని విడివిడిగా ఇస్తుంది. ఫీజు కట్టకముందే ఆ మూడింటినీ మండలి జాబితాలో సరిచూసుకోవాలి.