విశాఖ నుంచి గ్రీన్ డే దాకా: లాడ్జీ మోసం, వర్లీ భోజనం, బీచ్ రోడ్డు సోఫాలు

విశాఖలో రాక్ సంగీతాన్ని ప్రేమించేవాళ్లు కచేరీ టికెట్టు కంటే ముందు రైలు టికెట్టు చూసుకోవాలి. 2011లో మెటాలికా బృందం వచ్చింది బెంగళూరుకు. 2024 డిసెంబరులో గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ వచ్చాడంటే అదీ హైదరాబాద్ దాకానే. గ్రీన్ డే మన దేశంలో తొలిసారి వాయించింది 2025 మార్చి 9న, ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో, లొల్లపలూజా అనే సంగీత ఉత్సవం రెండో రోజున. జగదాంబ కూడలిలో క్యాసెట్లు కొనుక్కునే రోజుల నుంచి నేను వింటున్న బృందం అది. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు కదా, ఆ ఉదయమే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు స్లీపర్ బెర్తులు తీసుకున్నాను. ఒక్కోటి ఏడు వందల చిల్లర.

నాతో వచ్చినవాళ్లు మా ఆవిడ, ఆమె తమ్ముడు, మా అక్క కూతురు. మేనకోడలు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతోంది. దానికి గ్రీన్ డే కంటే నథింగ్ బట్ థీవ్స్ అనే బృందం మీద ప్రాణం. బావమరిదికి క్రికెట్ తప్ప మరొకటి పట్టదు. ఆ ఆదివారమే దుబాయ్‌లో న్యూజిలాండ్‌తో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ అని తెలిసిన క్షణం నుంచి వాడి ముఖం మాడిపోయింది. మా ఆవిడ మాత్రం రాక్ వినకపోయినా ఊరు చూస్తానని సంతోషంగా బయలుదేరింది.

గురువారం రాత్రి ఎక్కి శుక్రవారమంతా రైల్లోనే గడిపాం. దాని గురించి చెప్పేందుకేమీ లేదు.

లాడ్జీ గురించి మాత్రం చాలా ఉంది. దాదర్ స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న ఒక లాడ్జీలో ఫోను మీద రెండు గదులు మాట్లాడుకున్నాం. శని, ఆదివారాల రాత్రులకు గదికి రూ.2,800 చొప్పున. రైలు తెల్లవారకముందే చేరుతుంది కాబట్టి త్వరగా గది ఇచ్చినందుకు గదికి మరో రూ.500. ముందుగా మూడు వేలు పంపాం. ఈ లెక్కంతా వాళ్లే వాట్సాప్‌లో హిందీలో రాసి పంపారు. తీరా నాలుగు గంటలకు పెట్టెలతో నిలబడితే, బల్ల వెనక కూర్చున్న మనిషి తల ఎత్తకుండా రూ.4,600 అన్నాడు. ఊళ్లో ఉత్సవం, శని ఆదివారాలు, రేటు మారిందట. వాట్సాప్ చూపిస్తే అది రాసిన మేనేజరు మానేశాడన్నాడు. ఇష్టం లేకపోతే వెళ్లిపొండి, మూడు వేలు మాత్రం తిరిగి రావు అన్నాడు.

మా ఆవిడ వాళ్ల నాన్నగారు నౌకాదళంలో పనిచేశారు. మల్కాపురం వైపు క్వార్టర్లలో దేశం నలుమూలల పిల్లలతో పెరిగింది కాబట్టి హిందీ ధారాళంగా వచ్చు. ఇరవై నిమిషాలు ఆ మనిషితో వాదించింది. ఆ ఇరవై నిమిషాల్లో అతను ఒప్పుకున్నదల్లా ఒక్కటే, ఒక రాత్రికి డబ్బు కట్టి మర్నాడు ఖాళీ చేయవచ్చని. మేనకోడలు నిద్రకు ఆగలేక పెట్టె మీదే కూర్చుండిపోయింది. ఆ వేళకు ఇంకెక్కడికి వెళ్తాం? ఒక్క రాత్రికి రెండు గదులకు కలిపి రూ.10,200 తీసుకున్నారు. మాట ప్రకారమైతే రూ.6,600. గదిలో కిటికీ ఉంది కానీ దానికి అవతల గోడ. దుప్పటి మీద ముందు వచ్చినవాళ్ల తల నూనె మరక. ఏసీ రిమోటుకు వెయ్యి రూపాయల డిపాజిట్, అదీ రశీదు లేకుండా. బకెట్టులో నీళ్లు పట్టుకుంటే తుప్పు రంగులో వచ్చాయి.

కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఎందుకంటే ఈ మోసం కచేరీకి వచ్చేవాళ్లను చూసి చేసేది. దూరం నుంచి వస్తారు, టికెట్టు కొనేసి ఉంటారు, వెనక్కి వెళ్లలేరు అన్న ధైర్యం. విశాఖ వచ్చాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వాట్సాప్ మాటలు, యూపీఐ చెల్లింపు, గది ఫొటోలు అన్నీ జతచేశాను. కొన్ని వారాలకు రూ.2,000 తిరిగి వచ్చింది. మిగతా పదహారు వందల కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను. మీరూ మాటలన్నీ రాతలోనే పెట్టుకోండి, గది అద్దె మొత్తం ఎంతో వాళ్ల చేతే రాయించండి.

శనివారం మధ్యాహ్నం ఆకలితో, చిరాకుతో వర్లీ వైపు నడిచాం. అక్కడే ఈ యాత్రలో నేను ఊహించని మంచి జరిగింది. ఒక సందులో తెలుగు మాట వినబడింది. చిన్న భోజనశాల, నాలుగు బల్లలు, లోపల ఒక పెద్దావిడ జొన్నరొట్టెలు కొడుతోంది. వాళ్ల మామగారు కరీంనగర్ వైపు నుంచి బట్టల మిల్లులో నేతపనికి వచ్చారట. వర్లీ, లోయర్ పరేల్ చుట్టుపక్కల మన పద్మశాలీ కుటుంబాలు అలా తరాలుగా ఉన్నాయి. 1982 జనవరిలో మొదలైన సమ్మెలో రెండు లక్షలకు పైగా మిల్లు కార్మికులు పని ఆపారు. ఆ తర్వాత చాలా మిల్లులు తెరుచుకోనే లేదు. వాళ్ల మిల్లూ అంతే. అప్పుడే పొయ్యి వెలిగించి నలుగురికీ అన్నం పెట్టడం మొదలుపెట్టారట. మిల్లు ఉన్నచోట ఇప్పుడు అద్దాల భవనం ఉందని చేత్తో ఆ వైపు చూపించింది.

భోజనం రూ.110. వేడి జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, అన్నం. విడిగా బొంబిల్ చేప వేపుడు పళ్లెం రూ.60. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ని, చేప విషయంలో తేలిగ్గా మెచ్చుకోను. బియ్యపు రవ్వ అద్ది వేయించిన ఆ బొంబిల్ పైన కరకరలాడి లోపల వెన్నలా కరిగిపోయింది. పచ్చిపులుసులో ఉల్లిపాయ అప్పుడే నలిపి వేసింది, కాల్చిన ఎండుమిరప వాసన ఇంకా తేలుతోంది. బావమరిది మూడుసార్లు పులుసు పోయించుకున్నాడు, విశాఖ వదిలాక వాడు నవ్వింది అప్పుడే. "సముద్రం ఉన్న ఊరి నుంచి పాటల కోసం ఇంత దూరం వచ్చారా తల్లీ?" అని ఆవిడ మేనకోడల్ని అడిగింది. లాడ్జీ సంగతి విని, తమకు తెలిసినవాళ్ల మేడ మీద గదులున్నాయని తన మనవణ్ణి తోడిచ్చి పంపింది. గదికి రూ.1,500, శుభ్రమైన దుప్పట్లు, కిటికీలోంచి గాలి. ఆదివారం ఉదయమే అక్కడికి మారిపోయాం. దాదర్ చుట్టూ గదులు వెతికే బదులు వర్లీ, లోయర్ పరేల్ వైపు వెతకండి. రేస్‌కోర్సు అక్కడికి దగ్గర, కచేరీ ముగిశాక టాక్సీ కోసం ఎవరినీ బతిమాలనక్కరలేదు.

టాక్సీల సంగతీ చెప్పాలి. మనలాగా అక్కడ ఆటో ఎక్కేద్దామనుకోవద్దు, ముంబయి దక్షిణ భాగంలో ఆటోలు తిరగవు. నలుపు పసుపు టాక్సీకి 2025 ఫిబ్రవరి నుంచి కనీస ఛార్జీ రూ.31. శనివారం రాత్రి కచేరీ నుంచి జనం బయటకు వస్తుంటే దాదర్‌కు ఎనిమిది వందలు అడిగినవాళ్లున్నారు. మేం మహాలక్ష్మి స్టేషన్‌కు నడిచి లోకల్ ఎక్కాం. దాదర్‌కు ఐదు రూపాయలు.

ఇక ఉత్సవం. టికెట్ల ధర దశలవారీగా పెరుగుతుంది కాబట్టి వెళ్లాలనుకున్నవాళ్లు ముందే కొనుక్కోవాలి. అన్నీ ముందే కొనడంలో భయమూ ఉంటుంది. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా కచేరీ మొదట వాయిదా పడి, ఆ తర్వాత రద్దయింది. బెంగళూరు కచేరీ కోసం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ ఆ వార్త విన్నప్పుడు నాకు అన్నం సహించలేదు. 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లు వేదిక ఎక్కేదాకా నమ్మకం కలగలేదు. ముంబయిలో అలాంటి దిగులేమీ లేదు. ప్రకటించిన వేళకు ఒక్కో బృందం ఎక్కింది, దిగింది. ఎండ మాత్రం మండిపోయింది. టోపీ, మందుల దుకాణంలో నలభై రూపాయలకు దొరికే చెవి బిరడాలు తప్పనిసరి. చెవులు పాడైతే మళ్లీ రావు.

ఎక్కడ నిలబడాలన్నది నాకు ప్రాణప్రదమైన విషయం. ముందు వరసలో తోసుకుంటే గాయకుడి ముఖం కనబడుతుంది, పాట వినబడదు, డ్రమ్ములే వినబడతాయి. మైదానం మధ్యలో ధ్వనిని సరిచేసే ఇంజనీరు కూర్చునే గుడారం ఉంటుంది. అతను తన చెవికి బాగుండేలా సరిచేస్తాడు కాబట్టి ఆ గుడారానికి కాస్త ముందు నిలబడితే అతను విన్నదే మనమూ వింటాం. ఇంకా వెనక్కి వెళ్తే మరో చిక్కు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది, అంటే వంద మీటర్ల అవతల ఉన్నవాళ్లకు కర్ర డ్రమ్ము మీద పడటం ముందు కనబడి, దెబ్బ తర్వాత చేరుతుంది. పెద్ద మైదానాల్లో వెనకవాళ్ల కోసం స్తంభాలు నిలిపి, వాటి స్పీకర్లలో ధ్వనిని లెక్క ప్రకారం ఆలస్యంగా వదులుతారు. మేనకోడలికి ఇదంతా చెప్పి గుడారం దగ్గరే నిలబెట్టాను. శనివారం ముందుకు పరిగెత్తిన పిల్ల ఆదివారం తనంతట తనే అక్కడికి వచ్చింది.

గ్రీన్ డే గురించి ఎంత రాసినా నాకు తక్కువే. బృందంలో ముగ్గురు: గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, బాస్ గిటారు వాయించే మైక్ డర్న్ట్, డ్రమ్ముల మీద ట్రే కూల్. 1994లో డూకీ ఆల్బమ్ విడుదలైనప్పుడు కుర్రాళ్లు, ఇప్పుడు యాభై దాటినవాళ్లు. ఒక్క పాటలోనూ వేగం తగ్గించలేదు, ఒక్క స్వరమూ దాటేయలేదు. నా పక్కన ఒక తండ్రి, పదేళ్ల కొడుకు, ఇద్దరూ ప్రతి మాటా కంఠస్థంగా పాడారు. 2004 ఆల్బమ్ అమెరికన్ ఇడియట్ పాటలు మొదలైనప్పుడు మైదానమంతా ఒకే గొంతు అయింది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ఆవిడ అసలు డ్రమ్ముల వైపు నుంచి చూపు తిప్పలేదు. ట్రే కూల్ వాయిస్తుంటే చేతులు కాదు మనిషంతా వాయిస్తున్నట్టుందని అంది. రాక్ విననన్న మనిషి ఇప్పుడు ఇంట్లో వంట చేస్తూ వాళ్ల పాటలే పెట్టుకుంటోంది. బావమరిదికి మాత్రం అంత జనంలో ఫోను సిగ్నల్ అందలేదు. చుట్టుపక్కల ఎవరైనా అరిస్తే వికెట్టా, ఫోరా అని అడుగుతూ గడిపాడు. బయట రోడ్డు మీదికి వచ్చాక భారత్ నాలుగు వికెట్ల తేడాతో గెలిచిందని తెలిసి, ముక్కూ ముఖం తెలియనివాళ్లను కౌగిలించుకున్నాడు. అప్పటి నుంచి ఆ కచేరీ తనకూ బాగా నచ్చిందనే చెబుతున్నాడు.

తిరుగు ప్రయాణం కుర్లాలోని లోకమాన్య తిలక్ టెర్మినస్ నుంచి. సాఫీగా సాగింది.

ఏప్రిల్‌లో మన ఊళ్లోనే, బీచ్ రోడ్డులో కాళీమాత గుడికి కొంచెం అవతల, ఒక సాంస్కృతిక సాయంత్రానికి వెళ్లాం. ఐదుగురు ఇంజనీరింగ్ విద్యార్థుల రాక్ బృందం వాయిస్తుందని కరపత్రంలో ఉంది. ప్రవేశం ఉచితం. సముద్రపు గాలి, చేతిలో నలభై రూపాయల మురీ మిక్చర్ పొట్లం, ఎదురుగా వేదిక. ఇంతకంటే మంచి కచేరీ స్థలం దేశంలో ఎక్కడుంటుంది? ఆరు గంటలకు అన్నారు. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత ప్రసంగాలు. వేదిక మీద పదకొండు మందికి శాలువాలు, ఒక్కొక్కరికీ పరిచయం, ఒక్కొక్కరి సందేశం. ముందు మూడు వరసలూ అతిథులకు వేసిన సోఫాలు. ప్రసంగాలు కాగానే సగం సోఫాలు ఖాళీ అయ్యాయి. అయినా కుర్రాళ్లను తాడు దాటనివ్వలేదు. ఎత్తు వీపుల సోఫాల వెనక నిలబడి మెడలు సాచి చూశాం.

బృందానికి మైకు చేతికొచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. రాత్రి పది తర్వాత బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నిబంధన ముంబయిలోనూ ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ ఆ పది గంటల్లోపు సమయమంతా పాటకిచ్చారు, ఇక్కడ శాలువాలకిచ్చారు. ధ్వని సరిచూసుకోవడానికి వాళ్లకు ఐదు నిమిషాలైనా ఇవ్వలేదు. మొదటి పాటలో గొంతు వినబడలేదు, రెండో పాటలో గిటారు వినబడలేదు. మూడోది వాళ్లు సొంతంగా కట్టుకున్న తెలుగు పాట, అప్పటికి అన్నీ కుదిరాయి. బాస్ గిటారు పట్టుకున్న అమ్మాయి కళ్లు మూసుకుని వాయిస్తుంటే, సోఫాల వెనక జనమంతా చప్పట్లతో తాళం వేశారు. నాలుగో పాట మధ్యలో పదయింది. విద్యుత్తు ఆపేశారు.

నేను వేదిక వెనక్కి వెళ్లి వాళ్లతో మాట్లాడాను. మద్దిలపాలెం దగ్గర ఒక గదిలో గంటకు రూ.350 అద్దెతో సాధన చేస్తారట, ఐదుగురూ పంచుకుంటారట. ఈ నెల అద్దె మేం కడతామంటే మొదట వద్దన్నారు, మా ఆవిడ గట్టిగా చెప్పాక ఒప్పుకున్నారు. నిర్వాహకులు రెండు పనులు చేస్తే చాలు. ప్రసంగాలు అరగంటలో ముగించి ఏడింటికి మైకు పిల్లలకివ్వాలి. సోఫాలు పక్కకు జరిపి, వేదిక ముందు నిలబడి వినేవాళ్లకు చోటు వదలాలి. ఈ రెండూ రాసి, కింద మా నలుగురి సంతకాలతో వాళ్ల చిరునామాకు పంపాను. ఆ సాయంత్రం అక్కడ నిలబడినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే మీరూ పంపండి.