‘అట్లాస్ ష్రగ్డ్’ మీద వచ్చిన విమర్శల్లో ఏది మేలు?

అయన్ రాండ్ రాసిన ‘అట్లాస్ ష్రగ్డ్’ నవల 1957 అక్టోబరులో అమెరికాలో వెలువడింది. వెయ్యి పేజీలు దాటిన ఆ నవలలో పారిశ్రామికవేత్తలు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు ఒక్కొక్కరుగా మాయమై కొలరాడో కొండల్లోని ఒక రహస్య లోయకు చేరుకుంటారు. జాన్ గాల్ట్ అనే ఆవిష్కర్త నడిపించే ఈ సమ్మెతో దేశం కుప్పకూలుతుంది. మనిషికి తన జీవితం, తన ఆనందమే పరమ ధర్మమనీ, ఒకరి అవసరం ఇంకొకరి మీద హక్కు కాజాలదనీ, పోలీసు, సైన్యం, న్యాయస్థానాలకు మించి ప్రభుత్వం దేనిలోనూ తలదూర్చరాదనీ నవల వాదిస్తుంది. పుస్తకం బజారుకు వచ్చిన వారం నుంచే దీన్ని విమర్శించనివారు లేరు. మతవిశ్వాసులు, వామపక్షీయులు, ఆర్థికవేత్తలు, తత్త్వవేత్తలు తలా ఒక రాయి వేశారు. అయితే ఆ విమర్శలన్నిటికీ ఒకే బరువు లేదు. వాటిని పక్కపక్కన పెట్టి చూడటానికి నేను ఎంచుకున్న కొలబద్ద ఇది: ఈ నవలను ప్రేమించే పాఠకుడు తన నమ్మకాల్లో ఒక్కటీ వదులుకోకుండానే ఆ విమర్శను తోసిపుచ్చగలడా? తోసిపుచ్చగలిగితే అది ఎంత ఘాటుగా ఉన్నా, ముందే ఒప్పుకున్నవారి చప్పట్లకు తప్ప పనికిరాదు.

అన్నిటికంటే తేలికైనది, అందుకే ఎక్కువగా వినబడేది, రచయిత్రి వ్యక్తిగత జీవితాన్ని పట్టుకుని చేసే విమర్శ. సంక్షేమ పథకాలను జీవితమంతా దుయ్యబట్టిన రాండ్ ముసలితనంలో సోషల్ సెక్యూరిటీ పింఛను తీసుకున్నారని ఎత్తిపొడుస్తారు. తీసుకున్న మాట నిజమే. కానీ బలవంతంగా పన్ను వసూలు చేసే ప్రభుత్వం నుంచి, ఆ పథకాలను వ్యతిరేకించేవారు తమ సొమ్ము రాబట్టుకోవడం తప్పు కాదని ఆమె 1966లోనే ఒక వ్యాసంలో వాదించారు. ఆ వాదన మనకు నచ్చకపోవచ్చు గానీ, రెండు నాల్కల ధోరణి అనే నింద మాత్రం దాని ముందు నిలవదు. పైగా రచయిత్రి ఎలా బతికారన్నదానితో నవలలోని వాదం తప్పో ఒప్పో తేలదు.

ఎక్కువ పేరు పొందిన విమర్శ విటేకర్ చేంబర్స్‌ది. ఒకప్పుడు కమ్యూనిస్టుగా, సోవియట్ గూఢచారిగా పనిచేసి, తరువాత ఆ శిబిరాన్ని వదిలి దేవుణ్ణి నమ్ముకున్న ఆయన, 1957 డిసెంబరులో విలియం బక్లీ నడిపే సంప్రదాయవాద పత్రిక ‘నేషనల్ రివ్యూ’లో ఈ నవలను చీల్చి చెండాడారు. దాదాపు ఏ పేజీ తిప్పినా ‘గ్యాస్ ఛాంబర్‌కు పో!’ అని ఆజ్ఞాపించే గొంతు వినబడుతుందన్న ఆయన వాక్యాన్ని ఇప్పటికీ అందరూ తిరగరాస్తూనే ఉంటారు. ఆయనకంటే ముందే, అక్టోబరులో, ‘న్యూయార్క్ టైమ్స్’లో గ్రాన్‌విల్ హిక్స్ ఈ పుస్తకం ద్వేషంలోంచి పుట్టిందని రాశారు, విచిత్రమేమిటంటే ఆయన కూడా మాజీ కమ్యూనిస్టే. చేంబర్స్ సమీక్షలో నిజంగా లోతైన పరిశీలన వేరే ఉంది. దేవుణ్ణి తొలగించి మనిషిని లోకానికి కేంద్రంగా నిలబెట్టడంలో రాండ్ మనిషికీ మార్క్స్ మనిషికీ తేడా లేదనీ, మంచివారంతా ఒకవైపు, చెడ్డవారంతా ఇంకొకవైపు నిలబడే ఇటువంటి లోకం ఆచరణలోకి వస్తే అధికారం చివరికి సాంకేతిక నిపుణుల ముఠా చేతికి చేరుతుందనీ ఆయన హెచ్చరించారు.

ఈ మాటలకు పదును ఉంది, కానీ నా కొలబద్దకు నిలవవు. ముందుగా బలప్రయోగానికి దిగే హక్కు ఎవరికీ లేదని గాల్ట్ తన సుదీర్ఘ రేడియో ప్రసంగంలో స్పష్టంగా చెబుతాడు. అభిమాని ఆ ఒక్క మాట చూపించి, యూదు కుటుంబంలో పుట్టిన రచయిత్రి మీద హిట్లర్ పాపం రుద్దుతారా అని నిలదీసి, సమీక్ష మొత్తాన్ని చెత్తబుట్టలో పడేస్తాడు. ఇక దేవుడు లేని లోకం అన్న అభ్యంతరం దేవుణ్ణి నమ్మనివారిని కదిలించదు. అన్నిటికీ మించి, నవలలో బలమైన చోటు ఏదో గుర్తించకుండా చేసిన దాడి ఇది. ట్వెంటియత్ సెంచరీ మోటార్ కంపెనీ కథ ఆ చోటు. శక్తి కొద్దీ పని, అవసరం కొద్దీ జీతం అన్న పద్ధతిని అక్కడి 6,000 మంది కార్మికులు ఓటేసి తెచ్చుకుంటారు. ఎవరి అవసరం ఎంతో సభ తేలుస్తుంది గనుక ప్రతివాడూ తన కష్టాలు ఏకరువు పెట్టే యాచకుడవుతాడు. పని తెలిసినవాడికి అదనపు గంటలు శిక్షగా పడతాయి గనుక పనితనం దాచుకోవడం నేర్చుకుంటాడు. పొరుగింట బిడ్డ పుడితే సంతోషించే రోజులు పోయి, మన మీద ఇంకో భారం పడిందని ఏడ్చుకునే రోజులు వస్తాయి. రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో తండ్రి మందుల దుకాణాన్ని బోల్షివిక్కులు స్వాధీనం చేసుకోగా చూసి, 1926లో అమెరికా చేరిన మనిషి రాసిన పేజీలివి. వీటిలోని నిజాన్ని ఒప్పుకోని విమర్శకుణ్ణి నమ్మడం కష్టం.

తెలుగులో మనకు అలవాటైన విమర్శ పద్ధతి ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇటువంటి నవలను ‘పెట్టుబడిదారీ వర్గానికి కొమ్ము కాసే రచన’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం మన ప్రగతిశీల విమర్శలో కొత్త కాదు. ఆ మాట అబద్ధమని అనను. అయితే ఇంజనీరింగ్ హాస్టల్లో రాత్రంతా మేలుకుని రాండ్‌ను చదివి, ఊరూ కులమూ బంధువర్గమూ తన మీద వేసిన బరువుల నుంచి తొలిసారి ఊపిరి పీల్చుకున్న కుర్రవాడికి ఆ ముద్ర ఏమీ చెప్పదు. చేంబర్స్‌కు దేవుడు ఎలాగో వీరికి వర్గం అలాగ. ముందే నమ్మినవాడికే ఆ వాదన అందుతుంది.

అనుభవాన్ని సాక్ష్యంగా తెచ్చే విమర్శ వీటికంటే మెరుగు. దీనికి ఎక్కువగా చూపే ఉదాహరణ అలాన్ గ్రీన్‌స్పాన్. యువకుడిగా రాండ్ బృందంలో తిరిగి, హిక్స్ సమీక్షను ఖండిస్తూ పత్రికకు లేఖ రాసిన ఆయన, 1987 నుంచి 2006 దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకు అధిపతిగా ఉన్నారు. బ్యాంకులు తమ స్వప్రయోజనం కోసమైనా వాటాదారుల సొమ్మును జాగ్రత్తగా చూసుకుంటాయని నమ్మిన తాను దిగ్భ్రాంతి చెందానని, తన ఆలోచనా విధానంలో లోపం కనబడిందని, బ్యాంకులు కుప్పకూలిన ఆర్థిక సంక్షోభం నడుమ, 2008 అక్టోబరు 23న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నారు. నవల ఓడిపోయిందనడానికి ఇంతకంటే ఏం కావాలని చాలామంది అడుగుతారు. కానీ రాండ్ లోయలో చలామణీ అయ్యేది బంగారు నాణెం. నోట్లు ముద్రించి వడ్డీ రేట్లు నిర్ణయించే కేంద్ర బ్యాంకు ఆమె దృష్టిలో ఉండనే కూడదు. కాబట్టి ఆ సాక్ష్యం గ్రీన్‌స్పాన్‌కు తగిలినంతగా నవలకు తగలదు.

రైల్వేల చరిత్ర ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. రైల్వే కంపెనీని నడిపే కథానాయిక డాగ్నీ టాగర్ట్ పూర్వీకుడు నాట్ టాగర్ట్, ప్రభుత్వ అప్పు ఇప్పిస్తానన్న పెద్దమనిషిని మూడంతస్తుల మెట్ల మీద నుంచి కిందికి తోసేసి, సొంత సత్తువతో దేశానికి అడ్డంగా పట్టాలు వేసిన వీరుడు. అసలు చరిత్రలో, 1869 మే 10న ఇప్పటి ఉటా రాష్ట్రంలోని ప్రోమంటరీ దగ్గర కలుసుకున్న యూనియన్ పసిఫిక్, సెంట్రల్ పసిఫిక్ మార్గాలు 1862 చట్టం ఇచ్చిన భూములతో, ప్రభుత్వ బాండ్లతో వేసినవి. అందులో యూనియన్ పసిఫిక్ పెద్దలు తమ చెప్పుచేతల్లోని క్రెడిట్ మొబిలియర్ అనే కంపెనీకే నిర్మాణ కాంట్రాక్టులు కట్టబెట్టి, దాని వాటాలు కాంగ్రెస్ సభ్యులకు పంచిన సంగతి 1872లో బయటపడింది. అభిమాని దీనికి జేమ్స్ హిల్‌ను చూపిస్తాడు. 1893లో సియాటిల్ చేరిన ఆయన గ్రేట్ నార్తర్న్ మార్గాన్ని పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూదానం లేకుండానే నిర్మించిన మాట నిజం. ఆయన పునాదిగా కొనుక్కున్న మిన్నెసోటా రైల్వేకు మాత్రం భూదానాలు ఉన్నాయి. ఇంతా చేసి, ‘నవల జరిగినదాన్ని కాదు, జరగవలసినదాన్ని చెబుతుంది’ అని అభిమాని అంటే ఈ చరిత్రంతా సగం బలం కోల్పోతుంది.

అలా తప్పించుకోవడానికి వీలివ్వనిది రాబర్ట్ నోజిక్ విమర్శ. ఆయన రాండ్‌కు శత్రువు కాదు. సంపద పునఃపంపిణీని వ్యతిరేకించి, కనీస ప్రభుత్వాన్ని సమర్థించిన హార్వర్డ్ తత్త్వవేత్త. 1971లో ‘ది పర్సనలిస్ట్’ అనే తత్త్వశాస్త్ర పత్రికలో, ఎవరినీ తిట్టకుండా, రాండ్ వాదాన్ని మెట్టుమెట్టుగా విప్పి చూశారు. ప్రాణమున్నదానికే మంచీ చెడూ అన్న మాటకు అర్థముంటుంది గనుక ప్రతివాడికీ తన ప్రాణమే అంతిమ విలువ అని ఆమె అంటారు. మొదటిది నిజమైనా రెండోది దాన్నుంచి రాదని నోజిక్ చూపించారు. వంటకు పొయ్యి తప్పనిసరి. అంతమాత్రాన వంటకు పరమార్థం పొయ్యే అనలేం కదా. రెండో మెట్టు ఇంకా బలహీనం. నా జీవితమే నాకు అంతిమ విలువ అయినప్పుడు, పక్కవాడి హక్కును కాజేసి హాయిగా బతకగలిగే అవకాశం దొరికితే ఎందుకు వదులుకోవాలి? అటువంటి బతుకు మనిషికి తగిన బతుకు కాదని, హేతుబద్ధుల ప్రయోజనాల మధ్య సంఘర్షణ ఉండదని రాండ్ సమాధానం. అది నిరూపించవలసిన విషయాన్నే ముందుగా అనుకోవడం. రాండ్ పట్ల సానుభూతి ఉన్న ఇద్దరు తత్త్వవేత్తలు, డగ్లస్ డెన్ అయిల్, డగ్లస్ రాస్‌ముసెన్, 1978లో అదే పత్రికలో నోజిక్‌కు సమాధానం రాయవలసి వచ్చింది. చేంబర్స్‌కు కోపంతో జవాబు వచ్చింది, నోజిక్‌కు వాదంతో వచ్చింది.

వాదం వరకే చూస్తే నోజిక్‌ను మించినది నాకు కనబడలేదు. అయితే ఇది సిద్ధాంత గ్రంథం కాదు, నవల. కుర్రవాళ్లను పట్టేది సూత్రాలు కాదు, పాత్రలూ సన్నివేశాలూ. కాబట్టి నవలను నవలగా చదివి, దాని సూత్రాలతోనే దాన్ని కొలిచే విమర్శకు నేను ఇంకా పై స్థానమిస్తాను. దానికి రెండు చోట్లు చాలు.

ఒకటి సొరంగం ప్రమాదం. ఎన్నికల సభకు ఆలస్యమవుతుందని ఒక రాజకీయ నాయకుడు పట్టుబట్టడంతో, డీజిల్ ఇంజను చెడిపోయిన ‘కామెట్’ రైలును బొగ్గు ఇంజనుతో ఎనిమిది మైళ్ల సొరంగంలోకి పంపిస్తారు. ఒక్కో అధికారీ బాధ్యతను పక్కవాడి మీదికి నెట్టే తీరును రాండ్ అద్భుతంగా రాశారు. దఫ్తరు పని తెలిసినవారెవరైనా తలూపుతారు. కానీ రైలు లోపలికి వెళ్లే ముందు కథకురాలు ఆగి, ఈ ప్రయాణికులకు తమ చావులో బాధ్యత లేదనుకునేవారు ఉంటారని ఎత్తిపొడిచి, బోగీ తరువాత బోగీ లెక్క చెబుతుంది. మొదటి బోగీలో వ్యక్తి ప్రతిభకు విలువ లేదని బోధించే ప్రొఫెసర్, రెండో దాంట్లో పాత్రికేయుడు, పదో దాంట్లో ఇద్దరు పిల్లలను పై బెర్తులో పడుకోబెట్టి, గాలి తగలకుండా దుప్పటి సర్దిన తల్లి. ఆమె నేరం భర్త ప్రభుత్వోద్యోగాన్ని సమర్థించడం. ఆ భావాల్లో ఒకటైనా పంచుకోని మనిషి ఆ రైల్లో లేడంటూ లెక్క ముగుస్తుంది. పై బెర్తులో నిద్రపోతున్న పిల్లల భావాలేమిటి? చేంబర్స్ ఘాటు వాక్యానికి నవలలో ఆధారం ఎక్కడైనా ఉందంటే ఇక్కడే ఉంది. భావాలకు పర్యవసానాలు ఉంటాయని చూపడమే రచయిత్రి ఉద్దేశమని అభిమాని అంటాడు. సరే, కానీ వ్యక్తే సర్వస్వమని చెప్పే నవల ఈ మనుషులకు పేర్లైనా ఇవ్వలేదు. వృత్తి, బోగీ సంఖ్య, ఒక అభిప్రాయం, అంతే. మనిషిని గుంపులో ఒకడిగా చూసి తీర్పు చెప్పడాన్నే కదా ఆమె జీవితమంతా సమష్టివాదమని తిట్టింది!

రెండోది ఎడీ విల్లర్స్. డాగ్నీ చిన్ననాటి స్నేహితుడు, మేధావి కాకపోయినా నిజాయితీపరుడు, రైల్వే కోసం ప్రాణం పెట్టేవాడు. నవల చివర ఎడారిలో ఆగిపోయిన రైలింజను దగ్గర అతన్ని వదిలేస్తారు. లోయలోకి అతనికి పిలుపు రాదు. సమర్థులు వెళ్లిపోతే మంచివారైన సామాన్యులు ఏమవుతారో చూపడానికే అలా రాశారని అభిమానులు చెబుతారు, అందులో న్యాయం లేకపోలేదు. అయితే అంతకుముందు ఏళ్ల తరబడి, టాగర్ట్ రైల్వే క్యాంటీన్‌లో ఎడీతో కూర్చుని భోంచేస్తూ కబుర్లు చెప్పిన అనామక కూలీ మరెవరో కాదు, మారువేషంలో ఉన్న జాన్ గాల్ట్. డాగ్నీ ఎవరి మీద ఆధారపడుతోందో ఎడీ నమ్మి చెప్పిన మాటల ద్వారానే తెలుసుకుని, వారిని ఒక్కొక్కరినీ రైల్వేకు దూరం చేస్తాడు. ఇంకొకరి కోసం తాను బతకననీ, ఇంకొకరిని తన కోసం బతకమననీ ప్రమాణం చేసిన వీరుడు, విలువకు విలువ ఇచ్చి పుచ్చుకోవడమే ధర్మమని దేశమంతటికీ రేడియోలో ప్రకటించిన వీరుడు, ఎడీ దగ్గర పుచ్చుకున్నదానికి తిరిగి ఇచ్చింది ఏమీ లేదు, పుచ్చుకుంటున్నానని చెప్పనూ లేదు.