సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొంటున్నారా? బ్యారెల్ కొలిపించకుండా ఇంటికి తెచ్చుకోకండి

డల్లాస్ చుట్టుపక్కల సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కోసం చూస్తున్న మనవాళ్లు, అందులోనూ గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు, ఇది పూర్తిగా చదివాకే డబ్బు కట్టండి. నాకు అమ్మిన మనిషి పేరు రాయడం లేదు, లాయర్ వద్దన్నారు. అతను ఏం చెప్పి అమ్మాడో మాత్రం దాచకుండా రాస్తాను. అవే మాటలు రేపు మీకూ ఎవరో ఒకరు చెప్పొచ్చు.

అది ఏఆర్-15 తరహా రైఫిల్. బ్యారెల్ 14.5 అంగుళాలు, "పిన్ అండ్ వెల్డ్" చేసి ఉంది అని ప్రకటనలో రాశాడు. ఈ మాట తెలియకపోతే మిగతా గొడవ అర్థం కాదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం భుజానికి ఆనించి కాల్చే రైఫిల్‌కి బ్యారెల్ కనీసం 16 అంగుళాలు ఉండాలి, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. షాట్‌గన్ అయితే బ్యారెల్ 18 అంగుళాలు ఉండాలి. అంతకంటే పొట్టిదైతే దాన్ని మామూలు తుపాకీగా చూడరు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి, అంటే మెషిన్ గన్లు, సైలెన్సర్లు, గ్రెనేడ్లు ఉన్న జాబితాలోకి పోతుంది. ఆ జాబితాలోని ప్రతిదీ ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ) దగ్గర ఎవరి చేతిలో ఉందో వాళ్ల పేరు మీదే రిజిస్టరై ఉండాలి.

14.5 అంగుళాల బ్యారెల్ మూతికి గొట్టంలాంటి ముక్క బిగించి, పిన్ను కొట్టి, వెల్డింగ్ చేసి, ఇక ఊడిరాకుండా చేస్తే ఆ ముక్క పొడవు కూడా బ్యారెల్ లెక్కలోకే వస్తుంది. అలా 16 దాటించిన రైఫిళ్లు గన్ షాపుల్లోనే దొరుకుతాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు. నేను కొన్నదానికి మూతి ముక్క ఉంది. పిన్నూ లేదు, వెల్డూ లేదు.

అమ్మకం మాత్రం పద్ధతిగానే జరిగింది. ఒక పెద్ద స్టోర్ పార్కింగ్‌లో కలిశాం. నా డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్ కార్డు చూపించమన్నాడు. సీరియల్ నంబరు వేసి బిల్ ఆఫ్ సేల్ రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. టెక్సాస్‌లో ఉండే ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు, మామూలు రైఫిల్‌కి రిజిస్ట్రేషన్ అనేదే లేదు. తుపాకీ లైసెన్సు కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరగాల్సిన చోటి నుంచి వచ్చినవాళ్లం కదా, ఇక్కడి సులువు చూస్తే అసలు నిబంధనలే లేవనిపిస్తుంది. ఉన్నవి కొన్నే, కానీ అవి చాలా గట్టివి.

స్కోప్ పెట్టించడానికి గన్ షాపుకి తీసుకెళ్లినప్పుడు విషయం బయటపడింది. అక్కడి గన్‌స్మిత్ మూతి దగ్గర తిప్పి చూసి "వెల్డ్ ఏది?" అన్నాడు. రెంచ్ పెట్టగానే ముక్క వచ్చేసింది. బోల్టు మూసి, మూతిలోంచి కడ్డీ దింపి, దాన్ని టేపుతో కొలిచాడు. 14.5. పాపం, ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "దీన్ని నా షాపులో ఉంచుకోలేను. ముందు లాయర్‌కి ఫోన్ చెయ్యి" అని మాత్రం చెప్పాడు.

లాయర్‌ని నేను మొదట అడిగింది ఎవరైనా అడిగేదే. ఫీజు ఎంతైనా కడతాను, ఇప్పుడు రిజిస్టర్ చేయించుకోవచ్చా అని. కుదరదన్నారు. ఈ చట్టం కింద రిజిస్టర్ చేయగలిగేది తయారుచేసేవాడు, దిగుమతి చేసుకునేవాడు, ఇంకొకరికి బదిలీ చేసేవాడు మాత్రమే, అదీ తయారీకో బదిలీకో ముందే అనుమతి తీసుకుని. రిజిస్టర్ కాని పొట్టి రైఫిల్‌ని ఇప్పటికే చేతిలో పెట్టుకున్నవాడికి ఫారం లేదు. 1968లో ఒక్క నెలపాటు అందరికీ అవకాశం ఇచ్చారు. 2023లో బ్రేస్ (చేతికి కట్టుకునే పట్టీ) ఉన్న పిస్టళ్లకు మాత్రం కొన్నాళ్లు ఇచ్చారు. మీకోసం ఇంకోసారి ఇస్తారని కూర్చోవద్దు.

"2026 నుంచి పన్ను తీసేశారు కదా, ఇంకేం ఫర్వాలేదు" అనే మాట ఇప్పుడు బాగా తిరుగుతోంది. తీసేసింది పన్ను మాత్రమే. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిళ్లకు, పొట్టి షాట్‌గన్లకు, సైలెన్సర్లకు సున్నా అయింది. రిజిస్ట్రేషన్, వేలిముద్రలు, ముందస్తు అనుమతి ఎక్కడివక్కడే ఉన్నాయి. అమ్మేవాడు ఈ పన్ను సంగతి ఎత్తి నచ్చజెబుతుంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇంకొకటి. అమ్మేవాడి పేరు మీద నిజంగానే రిజిస్టరై ఉన్న పొట్టి రైఫిల్ అయినా, ఫారం 4 (బదిలీకి ఏటీఎఫ్ దగ్గర పెట్టే దరఖాస్తు) మీ పేరు మీద ఆమోదమయ్యేదాకా అది మీ ఇంటికి రాకూడదు. చట్టంలో ఉన్న మాట "తన పేరు మీద రిజిస్టర్ కాని" ఆయుధం అని. అది రిజిస్టరై ఉందో లేదో మీరు సీరియల్ నంబరుతో కనుక్కోలేరు కూడా. ఆ రికార్డులు పన్ను రికార్డుల కింద గోప్యంగా ఉంటాయి, మూడో మనిషికి ఏటీఎఫ్ చెప్పదు.

మరి "నాకు తెలియదు" అంటే? ఇక్కడ రెండు సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఎవరికి అనుకూలమైనది వాళ్లు చెబుతుంటారు. 1971లో ఫ్రీడ్ కేసులో, ఆయుధం రిజిస్టర్ కాలేదన్న సంగతి నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించాల్సిన పని లేదన్నారు. అది గ్రెనేడ్ల కేసు. 1994లో స్టేపుల్స్ కేసులో, చట్టం కిందికి తెచ్చే లక్షణం ఆ తుపాకీకి ఉందని అతనికి తెలిసి ఉండాలన్నారు. అది ఏఆర్-15 మెషిన్ గన్‌లా పేలిన కేసు. రెండూ కలిపి చదివితే తేలేది ఏమిటంటే, బ్యారెల్ పొట్టిదని తెలియదంటే కోర్టు వినొచ్చు, రిజిస్టర్ కాలేదని తెలియదంటే వినదు. నా విషయానికొస్తే గన్‌స్మిత్ టేపు చూపించిన నిమిషం నుంచి నాకు తెలిసినట్టే. ఆ తర్వాత దాన్ని అలమారలో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటే ఆ మొదటి వాదన కూడా మిగలదు. శిక్ష పదేళ్ల దాకా జైలు, పైన జరిమానా. తుపాకీ ఎలాగూ పోతుంది.

సిటిజన్లకు కథ ఇక్కడితో ఆగుతుంది, మనకు ఆగదు. ఇమిగ్రేషన్ చట్టంలో "అగ్రవేటెడ్ ఫెలొనీ"ల, అంటే అతి తీవ్రంగా చూసే నేరాల జాబితాలో, రిజిస్టర్ కాని ఇలాంటి ఆయుధం ఉంచుకోవడాన్ని నేరం చేసే సెక్షన్ 5861ని నంబరుతో సహా రాసి పెట్టారు. ఇందులో దోషిగా తేలితే గ్రీన్ కార్డు ఎన్నేళ్లుగా ఉన్నా దేశం నుంచి పంపేయొచ్చు, ఇమిగ్రేషన్ జడ్జిని అడిగి పంపకుండా ఆపించుకునే మామూలు దారి మూసుకుపోతుంది, సిటిజన్‌షిప్ శాశ్వతంగా పోయినట్టే. కేసే పెట్టకపోయినా టెన్షన్ పోదు. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. దానికి ఏం రాయాలో నేనూ నా లాయరూ ఇంకా తేల్చుకుంటున్నాం. నా దరఖాస్తు అందుకే ఆగింది.

చివరికి లాయర్ ద్వారానే ఏటీఎఫ్‌కి కబురు పెట్టి రైఫిల్ అప్పగించాం. ఇప్పటిదాకా కేసు లేదు. ఉండదని ఎవరూ రాసివ్వలేదు. రైఫిల్‌కి ఇచ్చిన డబ్బు పోగా, దానికి నాలుగింతలు లాయర్ ఫీజు అయింది. అమ్మినవాడి ఫోన్ మోగదు. పనికొచ్చినవి రెండే, ఆ బిల్ ఆఫ్ సేల్, "పిన్ అండ్ వెల్డ్ చేసిందే" అని అతను స్వయంగా పంపిన మెసేజ్. కాబట్టి మాట్లాడేదంతా మెసేజ్‌లోనే మాట్లాడండి, ఏదీ చెరిపేయకండి.

మీ దగ్గర ఇప్పటికే అనుమానం ఉన్న తుపాకీ ఉంటే దాన్ని కోయకండి, విప్పకండి, చెరువులో పారేయకండి, ఫ్రెండ్ ఇంట్లో దాచకండి, కార్లో వేసుకుని పోలీస్ స్టేషన్‌కి మీరే వెళ్లకండి. మొదటి ఫోన్ లాయర్‌కి. క్రిమినల్ లాయర్ ఒక్కరే చాలరు, ఇమిగ్రేషన్ తెలిసినవాళ్లు కూడా కావాలి. క్రిమినల్ లాయర్ మంచి బేరం అనుకుని ఒప్పించిన చిన్న నేరమే గ్రీన్ కార్డుకి ముప్పు కావచ్చు.

రైఫిల్ ఒక్కటే కాదు. భుజానికి ఆనించే స్టాక్ తగిలించిన "పిస్టల్" కూడా బ్యారెల్ పొట్టిదైతే ఇదే కేసు. చేతికి కట్టుకునే బ్రేస్ వేరు, స్టాక్ వేరు. బ్రేస్‌ల మీద ఏటీఎఫ్ తెచ్చిన నిబంధనను 2024లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది, దాంతో స్టాక్‌లకు కూడా ఫర్వాలేదని చెప్పేవాళ్లు తయారయ్యారు. అలాగే ఆన్‌లైన్‌లో తుపాకీ శుభ్రం చేసే "సాల్వెంట్ ట్రాప్" పేరుతో చవగ్గా దొరికే గొట్టాలు. వాటిలో కొన్నిటిని ఏటీఎఫ్ సైలెన్సర్లుగానే లెక్కేస్తుంది, కొన్నవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు కూడా వెళ్లాయి.

హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్న తమ్ముళ్లకు ఇంకో మాట. మీకు తుపాకీ పట్టుకోవడమే మామూలుగా నిషేధం. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ స్టేటస్ పోతే ఆ లైసెన్సు కాపాడదు. ఫ్లోరిడాలో చదువు ఆగి స్టేటస్ పోయిన ఒక విద్యార్థి షూటింగ్ రేంజ్‌లో కాల్చి కేసులో ఇరుక్కున్నాడు. 2019లో రెహైఫ్ కేసు అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది అదే. తన స్టేటస్ గురించి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అన్నది, కానీ ఆ మాట అనిపించుకోవడానికి అతనికి ఏళ్లు పట్టింది. డల్లాస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి ఉద్యోగం మారేవాళ్లు టెక్సాస్ లెక్కలు అక్కడికి మోసుకెళ్లకండి. న్యూజెర్సీలో ఎయిర్ గన్ కూడా తుపాకీ కిందే లెక్క.

కొనాలంటే, అమ్మేవాణ్ని పార్కింగ్‌లో కాకుండా లైసెన్సున్న గన్ షాపులో కలవండి. షాపువాళ్ల చేత కొలిపించి, వాళ్ల పుస్తకాల్లోంచే ఫారం 4473 (షాపులో కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం)తో మీ పేరు మీదికి మార్పించుకోండి. మామూలుగా 25 నుంచి 50 డాలర్లు తీసుకుంటారు. "ప్రైవేట్‌గా అయిపోతుంది కదా, షాపు ఎందుకు" అనేవాడి దగ్గర కొనకండి. 14.5 అని ప్రకటన కనిపిస్తే ముందు మూతి ముక్క అడుగు భాగం ఫోటో దగ్గరగా తీసి పంపమనండి. పిన్ను కొట్టిన చోట చిన్న గుండ్రటి వెల్డ్ మచ్చ కనిపించాలి. నాకు అమ్మినవాడు ఇదే కథతో ఇంకోటి పెట్టినా పెట్టొచ్చు.