పెల్లెట్లు కొనేవాళ్లూ, డబ్బా మీద స్టిక్కర్ గీకి చూడండి

విజయవాడలో పిల్లల్ని ఎయిర్ రైఫిల్‌లో చేర్పించినవాళ్లు ఇది కాస్త చదవండి. షాపు పేరు రాయను, గొడవలు నాకొద్దు. నాలుగు డబ్బాల పెల్లెట్లు, అంటే ఆ రైఫిల్లో వేసే చిన్న సీసం గుళ్లు, కొని బుక్కయ్యాను.

మా అమ్మాయి టెన్ మీటర్స్‌లో షాటుకి (గరిష్ఠం 10.9) సగటున 10.1 దాకా కొడుతుంది. పాత డబ్బా అయిపోవస్తోందని వెళ్తే అదే కంపెనీ, అదే 0.53 గ్రాములు, అదే 4.50 మిల్లీమీటర్ల హెడ్ సైజు (గుండు తల వెడల్పు), పైగా డబ్బాకి రెండొందలు తగ్గిస్తానన్నాడు కదా అని ఆశపడి ఒకేసారి నాలుగు తెచ్చేశాను. ఆ వారం నుంచి ఒకటి 10.6 పడితే తర్వాతది 8.9. పిల్ల ఏడుపు, నా అరుపులు. ఫోన్ వల్లేనని ఫోన్ కూడా లాక్కున్నాను, ఇప్పటికీ దెప్పుతోంది.

చివరికి కోచ్ గారే రైఫిల్‌ని బల్ల మీద ఇసుక సంచులపై ఆనించి కొట్టి చూశారు. పాత డబ్బాలో మిగిలిన పదీ దాదాపు ఒకే చిల్లులోంచి పోయాయి. కొత్తవి చల్లినట్టు పడ్డాయి. టార్గెట్ నడిమధ్య పదో నంబరు చుక్క అర మిల్లీమీటరే కదా, గుండు మధ్యభాగం ఆ చుక్క మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు మించి పక్కకి పోతే తొమ్మిదే, ఇంక పిల్ల ఎంత బాగా గురి చూస్తే మాత్రం ఏం లాభం?

వన్‌టౌన్‌లో తెలిసిన బంగారం కొట్టాయన దగ్గర మిల్లీగ్రాము కాటా ఉంటే ముప్పై గుళ్లు పట్టుకెళ్లాను. సీసం తూయించుకునే బేరం ఇదే మొదటిసారి అని నవ్వాడు. కొన్ని 0.51, కొన్ని 0.55. రెండు మూడింటికి వెనక అంచు నొక్కుకుపోయి ఉంది, కొన్నిటి మీద పాత సీసానికి పట్టే తెల్లటి పొడి. అప్పుడు డబ్బా తిప్పి చూస్తే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసే నంబరు) స్టిక్కర్ కింద ఇంకో స్టిక్కర్, దాని మీద వేరే నంబరు! ఎక్కడెక్కడివో మిగిలినవన్నీ కలిపి నింపారని నా అనుమానం.

బయటి దేశాల్లో కొందరు రైఫిల్ వాళ్లు తూటాకి పేలుడు మందు తామే తూచి నింపుకుంటారు, అన్నీ ఒకేలా ఉండాలని. మన దగ్గర ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు, ఎయిర్ రైఫిల్‌కి అసలు మందే ఉండదు. కాబట్టి మన చేతిలో ఉన్నదల్లా ఒకే లాట్ పెల్లెట్లు చూసి కొనుక్కోవడమే.

ముందు ఒక్క డబ్బానే కొనండి, ఆనించి కొట్టించి చూశాక అదే లాట్‌వి మిగతావి తీసుకోండి. సీలు ఊడి ఉంటే ముట్టుకోవద్దు. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకోండి, నేను రాయించుకోలేదు. వెనక్కి తీసుకెళ్తే "మీ పాపకి ప్రాక్టీస్ చాల్లేదేమో సార్" అన్నాడు. మూడు డబ్బాలు ఇంకా బీరువా మీదే ఉన్నాయి.