బరువైన ఫ్లైవీలా, తేలికదా: ఏది మేలు?

పికప్ పెరగాలంటే ఫ్లైవీల్‌ని (ఇంజన్ తిరుగుడు సాఫీగా సాగేలా దాని షాఫ్ట్ చివర బిగించే బరువైన చక్రం) లేత్ మీద పెట్టి బరువు తీయించెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. రేసు కారుకైతే సరే. రోజూ తిరిగే బండికి మాత్రం నేను వద్దంటాను.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒక్కసారే తోస్తుంది. సిలిండర్ ఒకటే అయితే మిగతా మూడు స్ట్రోకులనూ లాక్కెళ్లేది ఫ్లైవీలే. అందుకే సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్‌కి అంత పెద్ద చక్రం. నాలుగు సిలిండర్లుంటే అరచుట్టుకో తోపు పడుతుంది కాబట్టి చిన్నది సరిపోతుంది.

జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పుని చక్రం ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) సగమైతే, సగటు వేగంతో పోలిస్తే వేగంలో ఒడిదుడుకులు రెట్టింపవుతాయి. వేగం నాలుగింతలైతే, తోపుల్లో తేడా మారదనుకుంటే, అవే 16వ వంతుకు తగ్గుతాయి. అంటే తేలిక ఫ్లైవీల్ బాధ 3200 ఆర్‌పీఎం దగ్గర పెద్దగా తెలియదు. 800 దగ్గర ఐడ్లింగ్‌లో వణుకుతుంది, క్లచ్ వదిలేటప్పుడు టక్కున ఆగిపోతుంది. ఎత్తు మీద బండి కదిలించేటప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు.

మరి లాభం? లెక్క వేద్దాం. భ్రామకం 0.1 కేజీ.మీ², టైరు వ్యాసార్థం 0.3 మీటర్లు, ఫస్ట్ గేర్‌లో మొత్తం నిష్పత్తి 12 (టైరు ఒక్క చుట్టుకి ఇంజన్ 12 చుట్లు) అనుకోండి. 12ని 0.3తో భాగిస్తే 40, దాని వర్గం 1600. ఇంజన్‌కి ఆ ఫ్లైవీల్ 160 కిలోల అదనపు బరువులా తగులుతుంది. నిష్పత్తి 4 అయ్యే టాప్ గేర్‌లో అదే దాదాపు 18 కిలోలు. భ్రామకం సగం చేస్తే ఫస్ట్‌లో 80 కిలోల మనిషి దిగిపోయినట్టు, టాప్‌లో 9 కిలోల సంచీ దించినట్టు. అదీ వేగం పెంచేటప్పుడే. ఒకే వేగంతో పోతుంటే ఏమీ మిగలదు.

బరువు ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. 14 సెంటీమీటర్ల దూరంలో తీసిన కిలో, 7 సెంటీమీటర్ల దగ్గర తీసిన కిలోకి నాలుగింతల పని చేస్తుంది. అందుకే అంచునే కోస్తారు. పోత ఇనుము ఫ్లైవీల్‌తో ఆ పని ప్రమాదం. తిరుగుడు వల్ల పుట్టే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, పగిలితే ముక్కలు గేర్‌బాక్స్ తొడుగుని చీల్చుకొస్తాయి.

జనరేటర్, ట్రాక్టర్, ట్రాఫిక్‌లో తిరిగే కారు: వీటికి బరువైనదే. ట్రాక్ మీద గేర్లు చకచకా మార్చేవాళ్లకు తేలికది. అదీ పాతదాన్ని గీయించింది కాదు, తేలికగానే తయారుచేసిన స్టీల్‌ది.